తెరిచే చెయ్యి ఎవరిది?

(తెరిస్తే బొమ్మలు లేచి నిలబడే పాప్-అప్ పుస్తకాలు, ఫొటోల ప్రదర్శన మొదలైన రోజు సాయంత్రం చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనక నిలబడ్డవాళ్లు ఇటు రండి, గోడ పక్కన ఇంకో నాలుగు కుర్చీలున్నాయి. ఫ్యాన్లు కట్టేయించింది నేనే, ముందే క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఈ గదిలో ఉన్నదంతా కాగితం. ఫ్యాను వేస్తే ఆ మూల బల్ల మీదున్న స్తూపం ఊగుతుంది. అది ఊగితే నాకు టెన్షన్. ఒక ముప్పావుగంట ఓర్చుకోండి.

నేను ఉపన్యాసాలిచ్చే మనిషిని కాను. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌ని. ఈ ఊళ్లో, పేజీల మీదే ఫొటోలు ముద్రించే కరిజ్మా ఆల్బమ్ అనే మాట కొత్తగా వినపడుతున్న రోజుల్లో స్టూడియో పెట్టాను. మీలో కొందరి పెళ్లిళ్లు నేనే తీసుంటాను. తలంబ్రాల మధ్యలో "కొంచెం ఇటు చూడండి, ఇటు, ఇటు" అని ప్రాణం తీసినవాణ్ని నేనే. (నవ్వులు)

ఈ పిచ్చి పట్టుకుంది కూడా ఒక పెళ్లి వల్లే. 2009లో ఒకాయన కూతురి పెళ్లికి శుభలేఖ ఇచ్చారు. హైదరాబాద్ ఛత్తా బజార్లో వేయించారట. అట్టలు విడదీయగానే లోపల అరటి చెట్లతో సహా పెళ్లిపందిరి లేచి నిలబడింది. ఆయన ముహూర్తం ఎన్నింటికో, భోజనాలు ఎక్కడో చెబుతున్నారు. నాకేమీ ఎక్కలేదు. మూస్తున్నాను, తెరుస్తున్నాను, మళ్లీ మూస్తున్నాను. ఆ రాత్రి బ్లేడు తీసుకుని ఆ పందిరి కీళ్లన్నీ విప్పేశాను. పసుపు రాసిన శుభలేఖని కోస్తావా అని మా అమ్మ కేకలేసింది. పెళ్లి మాత్రం నిక్షేపంగా జరిగింది, ఫొటోలూ నేనే తీశాను.

ఆ తర్వాత నాలుగైదేళ్లు రాత్రుళ్లు అదే పని. పాత పాప్-అప్ పుస్తకాలు కొనడం, విప్పడం, అట్టల మీద గీసుకోవడం, చెడగొట్టడం. కాస్త చేతకాగానే, చేతకాని పని ఒకటి చేశాను. ప్రదర్శన పెట్టాను. ఊరు పేరు ఎందుకులెండి. హాలు వాళ్లు మంచి అద్దాల పెట్టెలిచ్చారు. ఒక్కో పుస్తకాన్నీ పూర్తిగా తెరిచి, లోపల పెట్టి, తాళం వేసి, "దయచేసి తాకరాదు" అని బోర్డు పెట్టాం. చూడ్డానికి గొప్పగా ఉంది. రెండో రోజు ఒక పాప వచ్చింది, ఏడెనిమిదేళ్లు ఉంటాయి. అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు నిలబడింది. తర్వాత వాళ్ల అమ్మని అడిగింది: "ఇది ఎప్పుడు లేస్తుంది?"

అప్పటికే లేచే ఉంది కదా అది. పూర్తిగా లేపి మరీ పెట్టాం. కానీ ఆ పాపకి బాగా తెలుసు, ఇందులో చూడాల్సింది లేచినదాన్ని కాదు, లేవడాన్ని. నేను పెట్టెలో పెట్టింది అట్టతో చేసిన గుడి. పుస్తకం కాదు. ఆ తర్వాత నేను చేసిన ప్రతి ప్రదర్శనలోనూ ఆ పాపకి జవాబు చెప్పుకోవడానికే అవస్థ పడ్డాను. ఇవాళ మీ ముందు పెట్టేది కూడా ఆ అవస్థే.

పాప్-అప్ అనే మాట పెద్ద పాతది కాదు. 1932లో న్యూయార్క్‌లో బ్లూ రిబ్బన్ బుక్స్ అనే ప్రచురణ సంస్థ తమ పుస్తకాలకి పెట్టుకున్న పేరు అది. కదిలే కాగితం మాత్రం చాలా పాతది. 13వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో మాథ్యూ పారిస్ అనే క్రైస్తవ సన్యాసి రాతప్రతిలో తిరిగే కాగితపు చక్రం పెట్టాడు, పండగల తిథులు లెక్కగట్టుకోడానికి. మన పంచాంగం పనే అనుకోండి. 1543లో వెసాలియస్ శరీరశాస్త్రం పుస్తకంలో అవయవాల బొమ్మలు కత్తిరించి ఒకదాని మీద ఒకటి అంటించుకునే పేజీలిచ్చాడు. ఇవన్నీ పెద్దవాళ్ల పుస్తకాలు, అదీ చదువుకున్న పెద్దవాళ్లవి. పిల్లల దగ్గరికి వచ్చింది 18, 19 శతాబ్దాల్లో. మ్యూనిక్‌లో మెగ్గెన్‌డోర్ఫర్ అనే మహానుభావుడు ఒకే ఒక్క అట్టముక్క లాగితే బొమ్మలో కళ్లు, చేతులు, నోరు విడివిడిగా కదిలేలా చేశాడు. లోపల సన్నని తీగ చుట్టలే కీళ్లు. ప్రాగ్‌లో కుబాష్టా వచ్చాడు, ఆయన ఆర్కిటెక్చర్ చదువుకున్న మనిషి. పాప్-అప్ పుస్తకాల్లో అంత బాగా ఇళ్లు కట్టడానికి కారణం అదేనేమో.

ఇంకొక్క సంగతి చెప్పి ఈ చరిత్ర వదిలేస్తాను. ఇప్పటికీ పాప్-అప్ పుస్తకం పూర్తిగా మిషను మీద తయారవదు. ముద్రణ, డై కటింగ్ అంటే అచ్చుతో అట్ట కోయడం, మిషను చేస్తుంది. మడిచి అంటించేది మనుషులే. ప్రపంచంలో మీరు ఎక్కడ కొన్నా సరే, దాని ప్రతి కీలునీ ఎవరో ఒక మనిషి వేలితో నొక్కి ఉంటారు.

ఫొటోలకీ దీనికీ ఏమిటి సంబంధం అని కదా. ఇక్కడ ఒకావిడ గురించి చెప్పాలి. నేను కలవలేదు, పని మాత్రం ఏళ్ల తరబడి చూస్తున్నాను. పేరు కొలెట్ ఫూ. అమెరికాలో ఫిలడెల్ఫియాలో ఉంటారు. పుట్టి పెరిగింది న్యూజెర్సీ. న్యూజెర్సీ అంటే మనకి ఎడిసన్, అక్కడి మన హోటళ్లు గుర్తొస్తాయి. అక్కడ పెరుగుతున్న తెలుగు పిల్లలున్న ఇళ్లకి ఈ కథ కొంచెం దగ్గరగా తగులుతుంది. ఎందుకంటే చిన్నప్పుడు తన చైనా మూలాలంటే తనకి సిగ్గుగా ఉండేదని ఆవిడే చెప్పుకున్నారు. డిగ్రీ అయ్యాక ఇంగ్లీషు పాఠాలు చెప్పడానికి చైనాలో యునాన్ వెళ్లారు. అది వాళ్ల అమ్మగారు పుట్టిన ప్రాంతం. చైనా ప్రభుత్వం 55 మైనారిటీ జాతుల్ని గుర్తిస్తే వాటిలో 25 ఆ ఒక్క రాష్ట్రంలోనే ఉన్నాయి. అక్కడికి వెళ్లాకే ఆవిడకి తెలిసింది, తన తల్లి వైపువాళ్లు నొసు యీ అనే జాతివాళ్లని, తన ముత్తాత ఒకప్పుడు ఆ యునాన్‌కే గవర్నర్ అని. ఊహించుకోండి. సిగ్గుపడిన ఊరికి వెళ్తే ఆ ఊరు ఏలినవాడు తాతగారు!

2008లో ఫుల్‌బ్రైట్ ఫెలోషిప్ మీద మళ్లీ యునాన్ వెళ్లి అక్కడి జాతుల పండగలు, బట్టలు, సంతలు, ఆచారాలు ఫొటోలు తీశారు. ఇంతవరకూ చాలామంది చేసే పనే. ఆవిడ ఆ ఫొటోల్ని గోడకి తగిలించి ఊరుకోలేదు. కోసి, కలిపి, మడిచి పాప్-అప్‌లు చేశారు. ఒక్కో పుస్తకానికి ఒకే తెరుపు. తెరిస్తే ఒక జాతి మొత్తం ఒక్కసారి లేచి మీద పడుతుంది. ఒక ఫొటో కాదు, ఎన్నో ఫొటోల ముక్కలు. 2016-17లో వాషింగ్టన్‌లోని నేషనల్ మ్యూజియం ఆఫ్ విమెన్ ఇన్ ది ఆర్ట్స్ వాటితో ప్రత్యేక ప్రదర్శన పెట్టింది.

నాకు అసలు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఆవిడ 2017లో ఫిలడెల్ఫియాలో చేసిన పుస్తకం. సుమారు 14 అడుగులు, 21 అడుగులు, ఎత్తు 5 అడుగులు. మన మధ్యతరగతి ఇంట్లో హాలు కన్నా పెద్దది. దానికి మూలం చైనాలో అయిదో శతాబ్దం నాటి తావో యువాన్‌మింగ్ రాసిన చిన్న కథ: ఒక జాలరి దారి తప్పి పూలు విరబూసిన పీచ్ చెట్ల తోపు దాటి, ఒక సందు గుండా దూరితే, లోకంతో సంబంధం లేకుండా సుఖంగా బతుకుతున్న ఊరు కనపడుతుంది. బయటికొచ్చాక మళ్లీ వెళ్దామంటే దారి దొరకదు. ఆ కథతో చేసిన పుస్తకంలోకి జనం నడిచి వెళ్లొచ్చు. జాలరిలా.

దాని ఫొటోలు మొదటిసారి చూసినప్పుడు ఆ అద్దం పాప గుర్తొచ్చింది. తెరిచే చెయ్యి సమస్యని ఆవిడ ఎంత తెలివిగా దాటారు! చేత్తో పట్టుకోలేనంత పెద్దది చేసి కాళ్లకి అప్పజెప్పారు. నాకంత స్థలం లేదు, అంత అట్టా లేదు, ధైర్యం అసలే లేదు. కాబట్టి నా దారి నేను వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇప్పుడు కొంచెం పనితనం చెబుతాను. విసుగొస్తే చెప్పండి, ఆపేస్తాను. ఈ పేపరు చూడండి. ఇవాళ్టి దినపత్రికే. పై నుంచి కిందికి చింపుతున్నాను. (చింపుతూ) చూశారా, గీత గీసినట్టు తిన్నగా వచ్చింది. ఇప్పుడు అడ్డంగా. (చింపుతూ) వంకర టింకర. కాగితంలో పీచు ఒక వైపుకి వాలి ఉంటుంది, ప్రెస్సులో గ్రెయిన్ అంటారు. పీచు వెంట మడిస్తే మడత నున్నగా వస్తుంది. అడ్డంగా మడిస్తే ముద్రించిన రంగు పెచ్చులూడి తెల్ల గీత పడుతుంది. నా మొదటి పుస్తకంలో లేపాక్షి నంది మెడ మీద అడ్డంగా అలాంటి తెల్ల గీతే పడింది. చూసినవాళ్లు నందికి విభూతి పెట్టావా అన్నారు.

రెండోది ఎత్తు లెక్క. పుస్తకం మూస్తే ఏదీ బయటికి పొడుచుకు రాకూడదు. పెట్టెలా లేచే కట్టడం చేస్తున్నారనుకోండి. మధ్య మడత నుంచి గోడ ఎంత దూరంలో ఉందో, గోడ ఎత్తు ఎంతో, రెండూ కలిపి పేజీ వెడల్పు లోపల ఉండాలి. పేజీ 20 సెంటీమీటర్లు, గోడ 8 దగ్గర అంటించారు, ఎత్తు 11 పెట్టారు: 19, సరిపోయింది. 13 పెట్టారా, 21 అయింది, మూస్తే గోపురం కలశం అట్ట బయట కనపడుతుంది. ఇంతే లెక్క. ఈ లెక్క తెలియక నేను ఎన్ని అట్టలు తగలేశానో ఆ అట్టల కొట్టాయనకి తెలుసు, ఆ మూల కూర్చుని నవ్వుతున్నారు.

మూడోది ఫొటోగ్రాఫర్లకి మాత్రమే. నీడ. రాతి శిల్పాన్ని ఫొటో తీసేటప్పుడు వెలుతురు పక్క నుంచి పడాలి. పొద్దున్న ఏడింటి ఎండ అయితే చెక్కడం లోతు కనపడుతుంది. మిట్టమధ్యాహ్నం తీస్తే బండే కనపడుతుంది. అయితే ఆ పక్క ఎండలో తీసిన ఫొటోని కోసి నిలబెట్టాక, హాల్లో బల్బు వేరే వైపు నుంచి వెలిగితే? ముద్రలో ఉన్న నీడ ఎడమకి, నిజం నీడ కుడికి. చూసేవాళ్లకి కారణం తెలియదు గానీ, ఏదో తేడాగా ఉందని కన్ను గొణుగుతుంది. అందుకే ఇక్కడ ఒక్కో బల్లకీ ఒక్కటే దీపం. అది ఏ వైపు ఉందో చూడండి, ఫొటో తీసినప్పుడు సూర్యుడు ఆ వైపే ఉన్నాడు.

సరే, ఆ మూల బల్ల దగ్గరికి వద్దాం. అమరావతి.

ఇక్కడున్నవాళ్లలో అమరావతి చూడనివాళ్లు ఉండరు. అమరేశ్వరుడి గుడికి వెళ్తాం, కృష్ణలో స్నానం చేస్తాం, వస్తూ వస్తూ పిల్లలకి స్తూపం చూపిద్దామని ఆపుతాం. పిల్లలు అడుగుతారు, ఏదీ స్తూపం అని. గడ్డి, గుండ్రంగా ఇటుకల అడుగు, అక్కడక్కడా రాళ్లు. ఆ బౌద్ధ స్తూపం పేరు మహాచైత్యం, ఒకప్పుడు సుమారు 50 మీటర్ల అడ్డం ఉన్న కట్టడం. 1797లో సర్వేలు చేసే తెల్లదొర కల్నల్ మెకంజీ వచ్చి చూసేనాటికే, ఇక్కడి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు కొత్త ఊరు కడుతుంటే ఆ దిబ్బ రాళ్లు పనికొస్తున్నాయి. మెకంజీ మళ్లీ 1816లో వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించి రాళ్లు మద్రాసు తీసుకెళ్లాడు. 1858లో లిన్నేయస్ ట్రైప్ అనే ఫొటోగ్రాఫర్ మద్రాసులో వాటికి ఫొటోలు తీశాడు. నా వృత్తిలో నాకు పెదతాత లాంటివాడు ఆయన. మరుసటి ఏడు చాలా రాళ్లు ఓడెక్కి లండన్ వెళ్లాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో దాదాపు 120 శిల్పాలున్నాయి. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో చాలా ఉన్నాయి. మన అమరావతిలో ఆ ఇటుకల అడుగు ఉంది.

ఇందులో ఒక చిత్రం ఉంది. ఆ స్తూపం ఎలా ఉండేదో మనకి ఎలా తెలిసింది? ఆ స్తూపానికి అంటించిన పలకల మీదే స్తూపం బొమ్మ చెక్కారు! కింద ప్రాకారం, వాకిట్లో సింహాలు, నాలుగు దిక్కులా అరుగుల మీద అయిదేసి ఆయక స్తంభాలు, పైన బోర్లించిన గిన్నెలా ఉండే అండం, దండలు, ఎగురుతున్న దేవతలు. ఎత్తయిన కట్టడాన్ని అరచేయి మందం రాతిలోకి అణిచిపెట్టారు. పాప్-అప్ చేసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? మడిచిపెట్టిన పుస్తకం అది. దాదాపు రెండు వేల ఏళ్ల నుంచీ మూసే ఉంది.

తెరుద్దామని కూర్చుంటే అండం లొంగలేదు. పాప్-అప్‌లో గోపురం సులువు, అర్ధగోళం నరకం. పక్కటెముకల్లా గాట్లు పెట్టి ఒకదాంట్లో ఒకటి దూర్చాలి. మొదటిసారి ఎనిమిది ఎముకలు పెడితే తెరిచేటప్పుడు పట్టేసి చిరిగింది. నాలుగు పెడితే స్తూపం కాదు, బోర్లించిన కోళ్లగంప అయింది. చివరికి ఆరు. ఆ ఆరు కుదరడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆయక స్తంభాలు మాత్రం ఇరవైకి ఇరవై హాయిగా లేచాయి.

అసలు తంటా అట్టతో కాదు. ఈ అండం మీద ఏ ఫొటో అంటించాలి? లేని కట్టడం అది. కంప్యూటర్లో పాలరాయి రంగు వేసి నున్నగా నింపేయొచ్చు, ఎవరూ అడగరు. ముందు అలాగే చేశాను. చాలా అందంగా వచ్చింది. అంత అందంగా రావడమే నాకు నచ్చలేదు. పెళ్లి ఆల్బమ్‌లో రాని చుట్టాన్ని ఫొటోషాప్‌లో నిలబెట్టినట్టుంది. (నవ్వులు) అలా కూడా చేశాను లెండి, డబ్బులిచ్చారు, చేశాను. ఇక్కడ మాత్రం మనసొప్పలేదు.

అందుకని మూడు రకాలుగా చేశాను, దగ్గరికి వెళ్లి చూడండి. అమరావతిలో నేల మీద ఇప్పటికీ ఉన్నవి, చెన్నైలో నేను చూసి, అనుమతి తీసుకుని ఫొటో తీసుకున్నవి: ఫొటోలుగా ఉన్నాయి. లండన్‌లో ఉన్న పలకల చోట ఏమీ లేదు, ఆ కొలతకి కిటికీలా కోసేశాను, అందులోంచి అవతలి బల్ల కనపడుతుంది. అండం పైభాగంలాగా ఎక్కడా మిగలనివి: తెల్ల అట్ట, ఉత్తి తెల్ల అట్ట. నిన్న ఒకాయన చూసి, పని ఇంకా పూర్తికాలేదా అని అడిగారు. లేదండీ అన్నాను.

ఈ పద్ధతి నా సొంత తెలివి కాదు. పాత కట్టడాలు బాగుచేసేవాళ్లు కొత్తగా కట్టిన ముక్క పాత ముక్కలో కలిసిపోకుండా, చూస్తే తేడా తెలిసేలా కడతారు. వాళ్ల నుంచి తెచ్చుకున్నదే.

పక్క బల్ల తోలుబొమ్మలది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట వెళ్లాను. 2020లో దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చిన ఊరు. మేకతోలుని వెలుతురు కనపడేంత పల్చన చేసి, రంగులేసి, నగలున్న చోటల్లా ఉలితో చిన్న చిన్న చిల్లులు కొడతారు. ఆ చిల్లుల్లోంచి దీపం వెలుగు వస్తేనే నగ మెరుస్తుంది. నేను తెలివితక్కువగా ముందు నుంచి ఫ్లాష్ కొట్టి తీశాను. రావణాసురుడి రంగులన్నీ చక్కగా వచ్చాయి, రావణాసురుడు రాలేదు. మర్నాడు తెర కట్టించి, వెనక దీపం పెట్టించుకుని తీస్తే వచ్చాడు. ఆ ఫొటోని బటర్ పేపర్ మీద ముద్రించి వెనక చిన్న బల్బు పెట్టాను. పుస్తకం తెరిస్తే పది తలలు విసనకర్రలా విచ్చుకుంటాయి, నీడ గోడ మీద పడుతుంది. నా మట్టుకు ఆ గోడ మీద నీడే అసలు బొమ్మ, పుస్తకం దానికి సాకు. ఆ బల్ల దగ్గర చీటీ మీద బొమ్మ చేసిన కుటుంబం పేరు పైన ఉంటుంది, నా పేరు కింద. పేరు వేసుకోవచ్చా, ఎలా వేయాలి అన్నది వాళ్లనే అడిగి వేశాను. తమ ఫొటోని కోసి మడుస్తారని మనుషులకి ముందే చెప్పడం నా లెక్కలో మామూలు మర్యాద. మనిషి మొహం మధ్యలో మడత రాకుండా చూసుకోవడం ఇంకో మర్యాద.

చేర్యాల గురించి ఎక్కువ చెప్పను. టైము చూస్తున్నాను. ఒక్క మాట మాత్రం. చేర్యాల పటం గుడ్డ మీద చింతగింజల జిగురు, సుద్ద పూసి వేసేది. పాతకాలం పటాలు గజాల కొద్దీ పొడుగుండేవి. కాకిపడగలవాళ్లు లాంటి కథకులు ఊళ్లో పటం కట్టి, కథ నడిచేకొద్దీ కొంచెం కొంచెంగా విప్పేవాళ్లు. తర్వాతి బొమ్మ ఎప్పుడు కనపడాలో వాళ్ల చేతిలో ఉండేది. ఇప్పుడు మన ఇళ్లల్లో అడుగున్నర ఫ్రేములో ఒక బొమ్మ ఉంటుంది, సోఫా పైన. ఆ కళాకారులు బతకాలి కాబట్టి అదీ మంచిదే, నేనూ రెండు కొన్నాను. అయినా సోఫా పైన బొమ్మని చూసినప్పుడల్లా నా అద్దాల పెట్టె గుర్తొస్తుంది.

ప్రదర్శన పెట్టాలనుకునే పిల్లలు ఫైన్ ఆర్ట్స్ కాలేజీ నుంచి వచ్చారు, వాళ్ల కోసం కొంచెం. ఒక్కో పుస్తకానికి మూడు ప్రతులు చేయండి. ఒకటి తెరిచిపెట్టడానికి, ఒకటి జనం చేతికివ్వడానికి, ఒకటి ఇంట్లో దాచడానికి. చేతికిచ్చింది చస్తుంది, చావనివ్వండి. నాకు ఒక్కో ప్రతీ సగటున రెండు వారాలు ఆగుతోంది, సెలవుల్లో అయితే ఒకటే. పగిలేది ఎప్పుడూ ఒకే కీలు దగ్గరే, కాబట్టి ఆ కీలు విడిగా మార్చుకునేలా కట్టుకోండి. తెరిచిపెట్టింది నెలంతా అలాగే ఉంటే మడత చచ్చిపోతుంది, మూస్తే మళ్లీ లేవదు. రోజూ సాయంత్రం మూసి పడుకోబెట్టండి. దీపాలు తక్కువ పెట్టండి. కాగితం లాంటి వాటికి మ్యూజియాలవాళ్లు వెలుతురు కొలతలో 50 లక్స్ దాటనివ్వరు, మన కంటికి అది సాయంత్రం వరండా వెలుతురు. గ్లౌజులు వద్దు. గ్లౌజు వేసుకుంటే వేలికి కాగితం తెలియదు, చింపేస్తారు. శుభ్రంగా కడిగి తుడుచుకున్న చెయ్యే మంచిది. బల్ల ఎత్తు పెద్దవాళ్ల నడుముకి కాదు, పిల్లల కంటికి పెట్టండి. పెద్దవాళ్లు వంగుతారు, వాళ్లకేం.

ఇంక వానాకాలంలో ప్రదర్శన పెట్టకండి. గాలిలో తేమకి అట్ట ఉబ్బుతుంది, జిగురు మెత్తబడుతుంది. శ్రావణమాసంలో ఒకసారి పెట్టాను, మూడో రోజుకి నా చార్మినార్‌కి రెండు మినార్లు మోకాళ్ల దగ్గర వంగాయి. చూసినవాళ్లు అది కూడా కళే అనుకున్నారు. నేనూ కాదనలేదు.

మాస్టారు ఏదో అడుగుతున్నారు. చెప్పండి మాస్టారూ. (ప్రశ్న) ఆఁ. ఇదంతా ఫోనులో 3డీ బొమ్మగా చూపించొచ్చు కదా, అరిగిపోదు, చిరిగిపోదు అంటున్నారు. చూపించొచ్చు మాస్టారూ, అమరావతికి అలాంటిది చేస్తే నా స్తూపం కన్నా వివరంగా ఉంటుంది, నేనే ముందు వెళ్లి చూస్తాను. కాకపోతే ఫోను తెర మీద వేలు పెడితే స్తూపమైనా, కరెంటు బిల్లయినా ఒకటే నునుపు. ఈ పుస్తకం అలా కాదు. సగం తెరిచేసరికి అట్ట ఎదురు తిరుగుతుంది. ఆ ఆరు ఎముకలు లోపల ఒకదాన్నొకటి రాసుకుంటున్న చప్పుడు వినపడుతుంది. ఇంకొంచెం బలం పెట్టాలా, ఆపాలా అని మీకు భయం వేస్తుంది. ఆ భయం నాకు కావాలి. చిరిగిపోతుందేమో అన్న భయంతో ఒక్కసారి చేత్తో పట్టుకున్నవాళ్లు మళ్లీ అమరావతి వెళ్లినప్పుడు ఆ గడ్డి మీద నడిచే తీరు వేరుగా ఉంటుందని నా ఆశ. అదేం లెక్కల్లో చూపించలేను.

ఇంకో ప్రశ్న ఉందా? (ప్రశ్న) ధరా? అమ్మడం లేదమ్మా. మీ ఇంట్లో పెళ్లి ఉంటే చెప్పండి, శుభలేఖ చేసిస్తాను.

సరే, మాటలు చాలు. అందరూ ఒక్కసారి లేవకండి. ఇవాళ్టికి అద్దాల పెట్టెలు ఎక్కడా లేవు, చూసే ఉంటారు. పెద్ద స్తూపం మాత్రం ఒక్కరే తెరవలేరు, అట్ట మూడడుగులు. ఎప్పుడూ ఇద్దరు కావాలి, అలాగే కట్టాను. ముందు పిల్లలు రండి. ఆ పకోడీ తిన్న చేతులు కడుక్కుని రా నాన్నా, అదిగో అక్కడ నీళ్లున్నాయి. అమ్మాయ్, నువ్వు ఎడమ అట్ట పట్టుకో. పెద్దమ్మగారూ, మీరు ఇటు కుడివైపు. లాగకండి, ఊరికే ఎత్తండి. మెల్లగా. ఇంకా మెల్లగా. సగంలో ఆగుతుంది, కంగారుపడకండి, అది అంతే. వినపడుతోందా చప్పుడు? ఇప్పుడు ఇద్దరూ కలిసి...